ఫ్రెడ్డీకి అందని ఐదేళ్లు

క్రికెట్ స్టేడియంలో వేలమంది కలిసి రెండుసార్లు కాళ్లతో నేలను తట్టి, ఆ వెంటనే ఒక చప్పట్టు కొట్టే దరువు మీరు వినే ఉంటారు. పాట పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. మీ పిల్లలు స్కూల్ యాన్యువల్ డేలో దానికి చిందులేసి ఉంటారు. ఆ పాటలో వినిపించే గొంతు ఫ్రెడ్డీ మెర్క్యురీది. పేరు చూసి తెల్లదొర అనుకుంటాం గానీ, ఆయన అసలు పేరు ఫరోఖ్ బల్సారా. గుజరాత్‌లోని బల్సార్ మూలాలున్న పార్సీ కుటుంబం. చదువుకున్నది మన పక్కనే, మహారాష్ట్రలోని పంచగనిలో. 1991 నవంబరు 24న, 45 ఏళ్ల వయసులో, ఎయిడ్స్ వల్ల వచ్చిన న్యుమోనియాతో లండన్‌లోని తన ఇంట్లో కన్నుమూశారు.

పాటల సంగతి సినిమా పేజీలు చూసుకుంటాయి. ఈ పేజీలో మనం చూడాల్సింది వేరు. హెచ్‌ఐవీ గురించి ఏ సంగతి ఆయనకు ఎప్పుడు తెలిసింది? ఆయన తర్వాత పుట్టినవాళ్లకు ఎంత తెలిసింది? ఇప్పుడు మీ ఇంట్లో ఇరవై ఏళ్లున్న కుర్రాడికి ఎంత తెలుసు? ఈ మూడు ప్రశ్నల మధ్య చాలా ప్రాణాలున్నాయి.

జాంజిబార్ నుంచి పంచగని దాకా

తూర్పు ఆఫ్రికా పక్కన ఉన్న జాంజిబార్ దీవిలో 1946 సెప్టెంబరు 5న ఫ్రెడ్డీ పుట్టారు. అప్పుడది బ్రిటిష్ ఏలుబడిలో ఉంది. తండ్రి బోమీ ప్రభుత్వ కార్యాలయంలో క్యాషియర్. తల్లి జెర్. పిల్లవాడికి మంచి ఇంగ్లిష్ చదువు చెప్పించాలన్న ఆరాటం మన మధ్యతరగతి ఇళ్లలో ఎంత ఉంటుందో వాళ్లకూ అంతే ఉండేది. ఎనిమిదేళ్లయినా నిండాయో లేదో, ఓడెక్కించి పంచగనిలోని సెయింట్ పీటర్స్ స్కూల్ హాస్టల్‌కు పంపేశారు. సెలవులకు బొంబాయిలోని బంధువుల ఇళ్లకు వెళ్లేవాడు. పియానో నేర్చుకున్నది అక్కడే. తోటి పిల్లలతో కలిసి హెక్టిక్స్ అనే చిన్న బ్యాండు కట్టిందీ అక్కడే. ఫరోఖ్ అనే పేరు నోరు తిరగక స్నేహితులు ఫ్రెడ్డీ అని పిలిస్తే, చివరికి అదే స్థిరపడిపోయింది.

చదువయ్యాక జాంజిబార్ తిరిగి వెళ్లినా అక్కడ ఎక్కువకాలం ఉండలేకపోయారు. 1964లో విప్లవం వచ్చి నెత్తురు ప్రవహించింది. బల్సారా కుటుంబం చేతికందిన సామానుతో ఇంగ్లండ్ వెళ్లి, లండన్ విమానాశ్రయానికి దగ్గర్లోని ఫెల్తమ్‌లో చిన్న ఇంట్లో దిగింది. ఫ్రెడ్డీ ఈలింగ్‌లో బొమ్మల డిజైన్ చదివారు. కొన్నాళ్లు విమానాశ్రయంలో పెట్టెలు మోశారు. బజారులో పాత బట్టలు అమ్మారు. 1970లో గిటారిస్టు బ్రయాన్ మే, డ్రమ్మర్ రోజర్ టేలర్‌లతో కలిసి క్వీన్ బ్యాండు మొదలైంది. మరుసటి ఏడాది జాన్ డీకన్ చేరారు. 1975లో వచ్చిన బొహీమియన్ రాప్సొడీ పాట దాదాపు ఆరు నిమిషాలది. అంత పొడుగు పాటను రేడియోలో ఎవరు వేస్తారని నవ్వినవాళ్లున్నారు. అది బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో కూర్చుంది.

ఆ రోజుల్లో ఆయన మేరీ ఆస్టిన్ అనే యువతితో ఏళ్ల తరబడి కలిసి ఉన్నారు. 1976 ప్రాంతంలో తనకు మగవాళ్ల మీద కూడా ఇష్టం కలుగుతుందని ఆమెతోనే చెప్పుకున్నారు. జంటగా విడిపోయినా, ఆమెతో స్నేహం చివరి ఊపిరి దాకా నిలిచింది. ఆయన్ని గే అనాలా, బైసెక్సువల్ అనాలా అని ఇప్పటికీ అభిమానులు వాదించుకుంటారు. ఆయన మాత్రం బయట ఏ ముద్రా వేసుకోలేదు. ఈ వాదనలో మనకు పనిలేదు. మనకు కావాల్సింది, అలాంటి మగవాళ్లకు ఆ కాలంలో తమ ఒంటిని కాపాడుకోవడం గురించి ఏం తెలుసన్నది.

తెలియడానికి ఏమీ లేని కాలం

ఇంగ్లండ్‌లో మగవాళ్ల మధ్య సంబంధం 1967 జులై దాకా జైలుకు పంపే నేరం. 21 ఏళ్లు దాటిన ఇద్దరి మధ్య, నాలుగు గోడల లోపలైతే నేరం కాదని ఆ నెలలో చట్టం మార్చారు. ఫ్రెడ్డీకి 21 నిండింది సరిగ్గా ఆ సెప్టెంబరులో. అంటే చట్టానికి భయపడకుండా యవ్వనంలోకి అడుగుపెట్టిన మొదటి వరుసవాళ్లలో ఆయన ఒకరు. అంతకుముందు తరం చీకట్లో, పోలీసు భయంతో బతికింది. వీళ్లకు క్లబ్బులు దొరికాయి, స్నేహాలు దొరికాయి, ఊపిరి పీల్చుకునే చోటు దొరికింది.

ఆరోగ్యం మాటకొస్తే, వాళ్లకు తెలిసిన సుఖవ్యాధులు సిఫిలిస్, గనేరియా లాంటివి. రెండింటికీ పెన్సిలిన్ వంటి యాంటీబయోటిక్ మందులున్నాయి. క్లినిక్కుకు వెళ్లి ఇంజక్షన్ చేయించుకుంటే తగ్గిపోయేది. మరి కండోమ్? దాన్ని అందరూ గర్భం రాకుండా వాడే వస్తువుగానే చూసేవారు. ఇద్దరు మగవాళ్లకు దాంతో పనేముందన్నది ఆనాటి లెక్క. ఇప్పుడు మనకు అజాగ్రత్తగా కనిపించేది అప్పటికి ఉన్న వైద్యజ్ఞానం ప్రకారం ఏమంత తప్పు కాదు. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఎయిడ్స్‌తో పోయినవాళ్లను చేసుకున్నవాడికి చేసుకున్నంత అని తీసిపారేయడం మనకు బాగా అలవాటు. పేరే పెట్టని జబ్బు నుంచి ఎవరైనా ఎలా తప్పించుకుంటారు?

1970ల చివర్లో, 80ల మొదట్లో ఫ్రెడ్డీ న్యూయార్క్, మ్యూనిక్ నగరాల్లో ఎక్కువగా గడిపారు. ఆ నగరాల్లో రాత్రి జీవితం ఉధృతంగా ఉండేది. అప్పటికే వైరస్ అమెరికా నగరాల్లో చడీచప్పుడు లేకుండా పాకుతోంది. హెచ్‌ఐవీ ఒంట్లో చేరాక మొదటి కొన్ని వారాల్లో ఫ్లూ లాంటి జ్వరం రావొచ్చు, రాకపోవచ్చు. ఆ తర్వాత ఎనిమిది, పదేళ్ల పాటు మనిషి మామూలుగానే కనిపిస్తాడు. తింటాడు, తిరుగుతాడు, స్టేడియాలను ఊపేస్తాడు కూడా. ఆయనకు వైరస్ ఎప్పుడు సోకిందో లెక్కలు వేసేవారు చాలామంది ఉన్నారు. అవన్నీ ఊహలే.

1981 జూన్ 5న అమెరికా ఆరోగ్యశాఖ వారపత్రికలో ఓ చిన్న నివేదిక వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చిందని, వాళ్లంతా గే పురుషులని అందులో ఉంది. ఆ తర్వాత రెండేళ్లు ఊహాగానాలదే రాజ్యం. కొందరు క్లబ్బుల్లో పీల్చే ఒక మందే కారణమన్నారు, కొందరు అతిగా తిరగడమే అన్నారు. వైరస్‌ను పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 1983లో కనిపెట్టారు. దాన్ని పట్టే రక్తపరీక్ష 1985లో వచ్చింది.

ఈ మధ్యలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1983లో న్యూయార్క్‌లో మైకేల్ క్యాలెన్, రిచర్డ్ బెర్కోవిట్జ్ అనే ఇద్దరు గే యువకులు, జోసెఫ్ సానబెండ్ అనే డాక్టర్ సలహాతో ఒక చిన్న పుస్తకం వేశారు. మహమ్మారి కాలంలో శృంగారం ఎలాగన్నది దాని విషయం. పాత వైరస్‌లు పదేపదే సోకడం వల్లే ఈ జబ్బు వస్తోందని వాళ్లు అనుకున్నారు. కారణం తప్పు. కానీ కండోమ్ వాడమని, ఒకరి ఒంటి ద్రవాలు ఇంకొకరి ఒంట్లోకి పోనివ్వొద్దని చెప్పిన ఉపాయం సరైనది. ప్రభుత్వాలు నోరు మెదపకముందే, రోగులే తోటివాళ్లకు పాఠం చెప్పారన్నమాట. లండన్‌లోనూ అంతే. 1982 జులైలో టెరీ హిగిన్స్ అనే 37 ఏళ్ల ఆయన చనిపోతే, స్నేహితులు ఆయన పేరుతో ట్రస్టు పెట్టి కరపత్రాలు పంచారు. బ్రిటన్ ప్రభుత్వం ఇంటింటికీ కరపత్రం పంపింది 1987 మొదట్లో. టీవీలో నల్లటి సమాధిరాయి చూపించి భయపెట్టింది కూడా ఆ రోజుల్లోనే.

తెలిశాక

1985 జులై 13న వెంబ్లీ స్టేడియంలో జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీలో ఫ్రెడ్డీ ఇరవై నిమిషాలు పాడారు. రాక్ సంగీతంలో అంతటి ప్రదర్శన లేదంటారు. 2018లో వచ్చిన సినిమాలో, ఆ కచేరీకి ముందే తనకు ఎయిడ్స్ ఉందని ఫ్రెడ్డీ తోటివాళ్లకు చెప్పినట్టు చూపించారు. కన్నీళ్లు రావడానికి అది బాగుంటుంది గానీ, నిజానికి జరిగిన క్రమం అది కాదు. ఆయనతో చివరి ఆరేళ్లకు పైగా కలిసి బతికిన జిమ్ హటన్ తన పుస్తకంలో రాసినదాని ప్రకారం, జబ్బు నిర్ధారణ అయింది 1987 వసంతకాలంలో. ఇంటింటికీ కరపత్రం చేరిన కొద్ది వారాలకే అనుకోండి. అప్పటికి ఆ కరపత్రం ఆయనకు చేయగలిగిందేమీ లేదు.

1987లోనే మొదటి మందు ఏజెడ్‌టీ అమెరికాలో అనుమతి పొందింది. నాలుగు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా అలారం పెట్టుకుని లేచి వేసుకోవాల్సి వచ్చేది. రక్తహీనత తెచ్చేది. ఏడాదికి ఖర్చు దాదాపు 10 వేల డాలర్లు. అంత చేసీ, ఒక్క మందును ఒంటరిగా వాడితే కొన్ని నెలలకే వైరస్ దానికి అలవాటు పడిపోయేది. ఫ్రెడ్డీకి డబ్బు లోటు లేదు. లండన్‌లో మంచి డాక్టర్లున్నారు. లేనిది సరైన మందు ఒక్కటే.

ఆయన ఏం చేశారంటే, పని చేశారు. స్పెయిన్ ఒపెరా గాయని మోన్సెరా కబాయెతో కలిసి ఆల్బమ్ చేశారు. 1986 ఆగస్టులో నెబ్‌వర్త్ కచేరీ తర్వాత క్వీన్ మళ్లీ ఆయనతో పర్యటనలకు వెళ్లలేదు గానీ, స్టూడియోలో రికార్డింగులు ఆగలేదు. కాలి మీద మానని పుండుతో నడక కష్టమైంది. 1991లో స్విట్జర్లాండ్‌లోని మాంత్రూ స్టూడియోలో, నిలబడటానికే ఓపిక లేని స్థితిలో చివరి పాటలు పాడి పెట్టారు. తాను పోయాక మిగతావాళ్లు వాటికి సంగీతం పూర్తి చేసుకుంటారన్నది ఆయన లెక్క. అలాగే చేశారు.

ఇంటి సంగతి వినండి. జిమ్ హటన్ ఐర్లండ్‌లోని కార్లో నుంచి వచ్చిన క్షురకుడు. లండన్ సావోయ్ హోటల్లో పనిచేసేవాడు. ఫ్రెడ్డీ ఇంటి తోటనూ చూసుకునేవాడు. ఫెల్తమ్ నుంచి వచ్చే తల్లిదండ్రులకు మాత్రం తోటమాలిగానే పరిచయం. తన జీవితంలోని ఆ భాగాన్ని ఫ్రెడ్డీ అమ్మానాన్నల దగ్గర విప్పి చెప్పలేదు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన మనిషి, కన్నవాళ్ల దగ్గర మాట పెగలక ఆగిపోయారు. ఈ వాక్యం దగ్గర కొందరు పాఠకులు ఒక్క క్షణం ఆగుతారని నాకు తెలుసు. బయటికి చెప్పలేక మింగేసుకున్న మాటలు తెలుగు ఇళ్లలోనూ ఉన్నాయి.

పత్రికలవాళ్లు గేటు ముందు కాపు కాశారు. బక్కచిక్కిన ఫొటోలు అచ్చేశారు. 1991 నవంబరు 23న ఆయన తనకు ఎయిడ్స్ ఉందని ప్రకటన విడుదల చేయించారు. మర్నాడు సాయంత్రం పోయారు. ముందే చెప్పి ఉంటే ఎందరో కుర్రాళ్లు జాగ్రత్తపడేవారని ఆనాడు విమర్శించినవాళ్లున్నారు. అందులో కొంత న్యాయం లేకపోలేదు. కానీ ఎయిడ్స్ రోగికి చేయి కలిపినందుకే యువరాణి డయానా ఫొటో ప్రపంచవార్త అయిన రోజులవి. జబ్బును దాచుకున్నందుకు ఆయన్ని తప్పుపట్టే ముందు, అంత భయపెట్టినవాళ్లను కూడా ఒక మాట అనాలి. అంత్యక్రియలు జొరాస్ట్రియన్ పురోహితుల ప్రార్థనలతో జరిగాయి. తల్లి జెర్ ఆ తర్వాత పాతికేళ్లు బతికి, 2016లో 94వ ఏట పోయారు.

ఐదేళ్లు ఆగి ఉంటే

1996లో లెక్క మారింది. రెండు మూడు రకాల మందులు కలిపి ఇస్తే వైరస్ ఎటూ తప్పించుకోలేదని తేలింది. మంచం పట్టినవాళ్లు లేచి ఉద్యోగాలకు వెళ్లారు. ఫ్రెడ్డీకి ఐదేళ్ల తేడాతో అది అందలేదు. జిమ్ హటన్‌కు 1990లో పరీక్ష చేస్తే హెచ్‌ఐవీ ఉందని వచ్చింది. ఆయన ఐర్లండ్ వెళ్లి ఇల్లు కట్టుకుని, 2010 జనవరి 1న క్యాన్సర్‌తో చనిపోయారు. ఒకే ఇంట్లో బతికిన ఇద్దరిలో ఒకరు 1991లో, ఇంకొకరు 2010లో వెళ్లిపోయారు.

ఇక్కడి నుంచే తరాల మధ్య తేడా మొదలవుతుంది. 80లలో యవ్వనంలో ఉన్న గే, బైసెక్సువల్ మగవాళ్లకు హెచ్‌ఐవీ అంటే స్నేహితుల అంత్యక్రియలే. కండోమ్ వాళ్లకు శ్వాస లాంటిది. అయితే ఆ భయం ఎంత లోతుగా దిగిందంటే, కొత్త సంగతులు లోపలికి వెళ్లనివ్వదు. మందులు సక్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిన వ్యక్తి నుంచి శృంగారం ద్వారా హెచ్‌ఐవీ సోకదని చెబితే, పెద్దవాళ్లలో చాలామంది నమ్మరు. ఇది ఓదార్పు మాట అనుకుంటారు. కానీ ఇది లెక్కకట్టి తేల్చిన విషయం. యూరప్‌లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనం రెండో విడత ఫలితాలు 2019లో వచ్చాయి. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, మందులతో అదుపులో ఉన్న 782 మగ జంటలను గమనించారు. కండోమ్ లేకుండా దాదాపు 76 వేల కలయికలు జరిగినా, భాగస్వామి నుంచి వైరస్ సోకిన ఘటన ఒక్కటీ లేదు.

తర్వాతి తరానిది ఇంకో కథ. బ్రిటన్‌లో 1988లో సెక్షన్ 28 అనే నిబంధన తెచ్చారు. స్థానిక సంస్థలు స్వలింగ సంబంధాలను ప్రోత్సహించకూడదని దాని సారాంశం. దాంతో టీచర్లు బెదిరిపోయి, ఆ మాటే ఎత్తడం మానేశారు. మహమ్మారి కోరలు చాచిన కాలంలో, ఎవరికి సమాచారం ఎక్కువ అవసరమో ఆ పిల్లలకే తరగతి గదిలో మౌనం దక్కింది. ఇంగ్లండ్‌లో ఆ నిబంధన 2003 దాకా పోలేదు. పదిహేనేళ్ల పిల్లలు అరకొర కబుర్లతో పెద్దయ్యారు.

ఇప్పటి ఇరవై ఏళ్లవాళ్లు వేరే లోకంలో ఉన్నారు. సోకకముందే వేసుకునే మందు, ప్రెప్, 2012లో అమెరికాలో అనుమతి పొందింది. రోజుకో మాత్ర. సరిగ్గా వేసుకుంటే హెచ్‌ఐవీ నుంచి చాలా గట్టి రక్షణ. ఈ తరంలో తెలిసినవాళ్లు దాని గురించి ఫోన్‌లో డేటింగ్ యాప్ ప్రొఫైల్‌లోనే రాసుకుంటారు. తెలియనివాళ్లకు మాత్రం ఆ మాటే వినపడలేదు. ఎయిడ్స్‌తో పోయిన మనిషిని వీళ్లు కళ్లతో చూడలేదు కాబట్టి, అది తాతలనాటి జబ్బనే నిర్లక్ష్యమూ ఉంది. ఇంకో పొరపాటు కూడా చూస్తున్నాం. ప్రెప్ హెచ్‌ఐవీని మాత్రమే ఆపుతుంది. సిఫిలిస్, గనేరియాలను ఆపదు. ఫ్రెడ్డీ తరానికి బాగా తెలిసిన ఆ పాత రోగాలు మళ్లీ పెరుగుతున్నాయి. పెద్దవాళ్లకు కండోమ్ తెలుసు, ప్రెప్ తెలియదు. పిల్లలకు ప్రెప్ తెలిస్తే కండోమ్ మీద గురి తక్కువ. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకునే వీలు, ఇళ్లలోనే కాదు, వాళ్ల స్నేహబృందాల్లోనూ తక్కువే. మధ్యలో ఉండి చెప్పాల్సిన వాళ్లలో చాలామంది 1996కు ముందే పోయారు.

మన దగ్గర

భారతదేశంలో హెచ్‌ఐవీని 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలొమన్ బృందం గుర్తించింది. ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ఎక్కువ కేసులున్న రాష్ట్రాల్లో ఒకటైంది. మీకు నలభై దాటితే పులిరాజా గుర్తుండే ఉంటాడు. అతనికి ఎయిడ్స్ వస్తుందా అని ఊరూరా హోర్డింగులు అడిగాయి. జనం నవ్వుకుంటూనే కండోమ్ గురించి మాట్లాడుకున్నారు. మంచి ప్రచారమే. కానీ పులిరాజా కథలో ఉన్నది ఆడవాళ్ల దగ్గరికి వెళ్లే మగవాడు. మగవాళ్ల మధ్య సంబంధం ఆ బొమ్మలో ఎక్కడా లేదు. ప్రచారంలో కనిపించనిది ప్రమాదం కాదనుకోవడం సహజం. ఆడవాళ్లతో పోకపోతే హెచ్‌ఐవీ రాదని నమ్మినవాళ్లు ఆ తరంలో ఉన్నారు. నిజం సరిగ్గా తిరగేసి ఉంటుంది. మలద్వారం లోపలి పొర పలుచగా, తేలిగ్గా చిట్లేలా ఉంటుంది. అందుకే ఆ తరహా కలయికలో వైరస్ సోకే అవకాశం చాలా ఎక్కువ. ఇప్పుడు దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ ఉన్నవారు 0.2 శాతం దగ్గర ఉంటే, మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లలో అది మూడు శాతం పైన ఉందని జాతీయ పర్యవేక్షణ గణాంకాలు చెబుతున్నాయి.

మన దగ్గర ఇంకో చిక్కు. ఇలాంటి కుర్రాళ్లకు ఇంట్లో తెలియకుండానో, తెలిసి తెలియనట్టుగానో పెళ్లి చేసేస్తారు. పెళ్లయితే కుదురుకుంటాడని పెద్దల ఆశ. కుదురుకోవడం మాట అటుంచి, పరీక్ష చేయించుకునే ధైర్యం లేని మనిషి ద్వారా ఏమీ తెలియని భార్యకు, ఆమె ద్వారా పుట్టబోయే బిడ్డకు వైరస్ చేరే దారి తెరుచుకుంటుంది. ఇది వాళ్లిద్దరి తప్పూ కాదు. ఇంట్లో ఆ మాట ఎత్తే చోటు లేకపోవడం వల్ల వచ్చిన చేటు.

ఫ్రెడ్డీ కథకు మనవాళ్ల చేయి తగిలే చోటు ఒకటుంది. 2001లో ముంబయికి చెందిన సిప్లా మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చింది. అంతవరకు విదేశీ కంపెనీల ధర 10 వేల డాలర్లు దాటి ఉండేది. ఆ తర్వాత హైదరాబాద్‌లోని హెటిరో, అరబిందో లాంటి కంపెనీలు ప్రపంచమంతటికీ ఈ మందులు పంపాయి. ఇప్పుడు ఆరు నెలలకోసారి వేసే ఇంజక్షన్ వచ్చింది. పేరు లెనకాపవిర్. గే, బైసెక్సువల్ పురుషులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల మీద జరిగిన పరీక్షలో ఈ ఇంజక్షన్ తీసుకున్న 2,179 మందిలో ఇద్దరికే హెచ్‌ఐవీ సోకింది. 2025 జూన్‌లో అమెరికా దీన్ని నివారణకు అనుమతించింది. దీన్ని పేద, మధ్యాదాయ దేశాల కోసం చౌకగా తయారుచేసే అనుమతి పొందిన ఆరు కంపెనీల్లో హైదరాబాద్‌వి రెండున్నాయి: డాక్టర్ రెడ్డీస్, హెటిరో. ఏడాదికి దాదాపు 40 డాలర్లకు 2027 నుంచి ఇస్తామని రెండూ ప్రకటించాయి.

మీ ఇంట్లో ఈ అవసరం ఎవరికి ఉందో మీకు తెలియకపోవచ్చు. అందుకే ఈ కింది సంగతులు అందరూ తెలుసుకుని ఉంచుకోండి.

ప్రమాదం జరిగిందన్న అనుమానం వస్తే, కండోమ్ చిరిగినా సరే, 72 గంటల లోపల పెప్ అనే మందులు మొదలుపెట్టాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. 28 రోజులు మానకుండా వాడాలి. రేపు చూద్దాం అనుకుంటే గడువు దాటిపోతుంది. ప్రెప్ మాత్రలు మన దేశంలో డాక్టర్ చీటీతో దొరుకుతాయి. అవి మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ లేదని పరీక్షలో తేలాలి. కిడ్నీల పనితీరు చూడాలి. ఆ తర్వాత మూడు నెలలకోసారి పరీక్ష తప్పదు. స్నేహితుడి సీసాలోంచి నాలుగు మాత్రలు తెచ్చుకుని వాడటం పనికిరాదు. హెచ్‌ఐవీ ఉన్నట్టు తెలియకుండా ప్రెప్ వాడితే వైరస్ మందులకు మొండికేస్తుంది. వైరస్ సోకిన తొలి వారాల్లో పరీక్ష నెగెటివ్ రావొచ్చు. అందుకని డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ చేయించుకోవాలి.

పరీక్షలో పాజిటివ్ వస్తే 1987 నాటి నల్ల సమాధిరాయిని గుర్తు చేసుకోకండి. 2017 నుంచి మన దేశంలో పాజిటివ్ అని తేలినవాళ్లందరికీ, రోగనిరోధక శక్తి ఎంతుందన్నదానితో సంబంధం లేకుండా, ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితంగా మందులిస్తున్నారు. త్వరగా మొదలుపెట్టి మానకుండా వాడేవాళ్లు దాదాపు అందరితో సమానంగా బతుకుతున్నారు.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ నుంచి పెద్దల ఇష్టపూర్వక సంబంధాలను తప్పించింది. నాలుగు రోజులకు, సెప్టెంబరు 10న, హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం అమల్లోకి వచ్చింది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. ఫలితాన్ని ఆయన అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. ఉద్యోగంలో, ఆసుపత్రిలో, అద్దె ఇంట్లో వివక్ష చూపకూడదు. ఫ్రెడ్డీ గేటు బయట కెమెరాలు పట్టుకుని నిలబడ్డవాళ్లను ఆపే చట్టం ఆయనకు లేదు.

జిల్లా ఆసుపత్రుల్లో, ఏరియా ఆసుపత్రుల్లో ఉండే ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం. ముందూ వెనకా కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. ఎవరితోనైనా ముందు ఫోన్‌లో మాట్లాడాలనిపిస్తే 1097కు చేయండి. కాల్ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.